తంబుర పంపొచ్చు, తాళం పంపలేం

ప్రశ్న: నేను కాకినాడలో కర్ణాటక గాత్రం నేర్పుతాను. కొన్నేళ్లుగా అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు జూమ్‌లో పాఠాలు చెబుతున్నాను. ఎక్కువమంది డాలస్ వైపు వాళ్లు. విండోస్ 11 లాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైకు ఉన్నాయి. తంబుర లాప్‌టాప్‌లోనే యాప్‌లో పెట్టుకుంటాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పిల్లలకు తంబుర అసలు వినబడదు. స్పీకర్లో పెడితే రెండు సెకన్లు వచ్చి మాయమైపోతుందంటున్నారు. మా అక్క కొడుకు వాయిస్‌మీటర్ బనానా అనే వర్చువల్ మిక్సర్ (లాప్‌టాప్‌లోనే ధ్వనులను కలిపి పంపే సాఫ్ట్‌వేర్) వేసుకోమన్నాడు. వేసుకోగానే లాప్‌టాప్ మూగబోయింది. వాడే ఫోన్‌లో చెబుతూ ఏవో బటన్లు నొక్కించాడు. ఇప్పుడు తంబుర వెళ్తోంది కానీ పిల్లలకు వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినిపిస్తోందట. పాఠాలు రికార్డు చేసి ఇవ్వాలని ఉంది. పిల్లలతో గొంతు కలిపి పాడించాలనీ ఉంది. తాళం యాప్ పెట్టి పాడిస్తే ప్రతి ఒక్కరూ వెనకబడుతున్నారు. అసలు సిసలు మిక్సర్ పెట్టె ఒకటి కొనేయమంటారా?
— ఒక సంగీతం టీచర్, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు సమస్యలు కలగాపులగంగా కలిసిపోయాయండీ. తంబుర మాయమవడానికి మందు జూమ్‌లోనే ఉంది, మిక్సర్ అక్కర్లేదు. పిల్లల గొంతు వాళ్లకే వినబడటం మిక్సర్ వేశాక కొత్తగా వచ్చిన చిక్కు, ఒక్క బటన్ ఆపితే పోతుంది. రికార్డింగుకు మాత్రం వర్చువల్ మిక్సర్ నిజంగా పనికొస్తుంది. ఇక గొంతు కలిపి పాడటానికి, లక్షలు పోసి కొన్నా, ఏ మిక్సరూ పనికిరాదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు తంబుర సంగతి. జూమ్ లెక్కలో మీ తంబుర ఫ్యాన్ చప్పుడు. ఆఫీసు మీటింగుల్లో మాటలు స్పష్టంగా వినబడాలని తయారైన సాఫ్ట్‌వేర్ అది. ఆగకుండా ఒకే తీరుగా మోగేది ఏదైనా దానికి రొదే: ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాను, తంబుర. మొదట ఒక క్షణం వింటుంది, ఇది మాట కాదని తేల్చుకుంటుంది, తీసి పారేస్తుంది. మీ పిల్లలకు రెండు సెకన్లు వినబడి ఆగిపోవడం అందుకే. మీ గొంతుకూ అదే గతి పట్టొచ్చు. తారషడ్జం (పై స) మీద కార్వై పట్టి, అంటే స్వరాన్ని సాగదీసి నిలబెడితే మధ్యలో పలచబడిపోతుంది. అవతల పిల్ల "మేడమ్, కట్ అయింది" అంటుంది. మనం ఇంటర్నెట్ వాళ్లను తిట్టుకుంటాం.

జూమ్ సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్తే "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది. అది ఎంచుకోండి. దాని కింద "హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్" టిక్ పెట్టండి. ఎకో క్యాన్సలేషన్ టిక్ తీసేయొచ్చు, కానీ మీరు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు మాత్రమే. స్పీకర్లో వింటూ దాన్ని తీసేస్తే పిల్లల గొంతు మీ మైకులో పడి వాళ్లకే పోతుంది. స్టీరియో జోలికి పోవద్దు, ఒక్క గొంతుకు దాని అవసరం లేదు. మైక్ వాల్యూమ్‌ను ఆటోమేటిక్‌గా సర్దే టిక్ కూడా తీసేయండి. అది ఉంటే మీరు మంద్రంలోకి దిగినప్పుడు తనంతట తను వాల్యూమ్ పెంచుతుంది, తారంలో గొంతు విప్పగానే తగ్గిస్తుంది. మీరు పిల్లలకు నేర్పాలనుకున్న ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. సెట్టింగులో పెట్టేశాం కదా అని వదిలేయకండి. మీటింగు తెరపైన పై మూలలో ఒరిజినల్ సౌండ్ ఆన్ అనో ఆఫ్ అనో కనిపిస్తుంది. పాఠం మొదలుపెట్టేముందు ఒకసారి అటు చూడటం అలవాటు చేసుకోండి.

ఈ సెట్టింగు పిల్లల వైపు కూడా పెట్టించాలి. చాలామంది టీచర్లు మర్చిపోయేది ఇదే. ఇక్కడ మీరెంత సర్దుకున్నా, అక్కడ ఆ అమ్మాయి టాబ్‌లో రొద తగ్గించే పని నడుస్తూ ఉంటే ఆమె పట్టిన స్వరం మీకు తెగి తెగి వస్తుంది. "ఊపిరి చాలట్లేదమ్మా నీకు" అని మీరు అనవసరంగా సరిదిద్దుతారు. వాళ్ల అమ్మానాన్నలకు వాట్సాప్‌లో నాలుగు స్క్రీన్‌షాట్లు పంపితే పనైపోతుంది.

తంబురను నేరుగా పంపడానికి జూమ్‌లోనే ఇంకో దారి ఉంది. షేర్ నొక్కి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, "కంప్యూటర్ ఆడియో" ఎంచుకోండి. లాప్‌టాప్‌లో మోగే తంబుర మైకుతో సంబంధం లేకుండా సూటిగా పిల్లలకు చేరుతుంది. మీ చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా సరే. పైగా ఆ దారిలో జూమ్ పిల్లల గొంతులను కలపదు, కాబట్టి ప్రతిధ్వని గొడవ ఉండదు. మీకు కావలసింది పాఠంలో తంబుర వినబడటం ఒక్కటే అయితే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. వాయిస్‌మీటర్‌ను తీసేసి, లాప్‌టాప్ ఒకసారి రీస్టార్ట్ చేసి, హాయిగా పాఠం చెప్పుకోండి. అవసరం లేని చోట మిక్సర్ పెట్టుకుంటే ప్రతి పాఠానికి ముందు పది నిమిషాల టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మరి మిక్సర్ ఎవరికి కావాలి? తంబుర ఎంత, గొంతు ఎంత అన్నది పాడుతూ పాడుతూనే వేలితో సర్దుకోవాలనుకునేవాళ్లకు. జూమ్ ఒక్కటే కాకుండా గూగుల్ మీట్‌లో, వాట్సాప్ కాల్‌లో కూడా పాఠాలు చెప్పేవాళ్లకు. తన గొంతు, తంబుర, శిష్యురాలి గొంతు మూడూ తనకు నచ్చిన పాళ్లలో రికార్డు చేసుకోవాలనుకునేవాళ్లకు. మీరు మూడో రకం కాబట్టి మీ అక్క కొడుకు సలహా తప్పేం కాదు. ఫోన్లో హడావుడిగా బటన్లు నొక్కించడమే తప్పు.

వాయిస్‌మీటర్ ఫ్రాన్స్‌కు చెందిన వీబీ-ఆడియో వాళ్లది. ఉచితంగా దింపుకోవచ్చు, నచ్చితే డబ్బు పంపమంటారు. వాళ్ల సొంత సైటు నుంచే దింపుకోండి, వేరే ఎక్కడినుంచీ వద్దు. ఇందులో మూడు సైజులున్నాయి: మామూలుది, బనానా, పొటాటో. మీకు బనానా సరిపోతుంది. ఇది వేసుకోగానే లాప్‌టాప్ మూగబోవడానికి కారణం చిన్నదే. విండోస్ తన ధ్వనినంతా స్పీకర్లకు బదులు "వాయిస్‌మీటర్ ఇన్‌పుట్" అనే లేని స్పీకర్‌కు పంపడం మొదలుపెడుతుంది. మిక్సర్ తెరిచి లేకపోయినా, అందులో ఏ1 (మీ చెవికి వెళ్లే దారి) దగ్గర మీ ఇయర్‌ఫోన్ ఎంచుకోకపోయినా ఆ ధ్వని అక్కడే ఇంకిపోతుంది. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ను మళ్లీ మీ ఇయర్‌ఫోన్‌కు మార్చేయండి, మూగతనం పోతుంది. అది అలాగే ఉంచండి కూడా. లాప్‌టాప్ ధ్వని మొత్తాన్ని మిక్సర్‌లోకి తోలితే, పాఠం మధ్యలో వచ్చే ప్రతి మెసేజ్ టింగుమనడం కూడా డాలస్ దాకా వెళ్తుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మిక్సర్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఎడమవైపు, ధ్వని ఎక్కడ పుడుతుందో రాయండి: మీ మైకు, తంబుర యాప్, జూమ్‌లో వచ్చే పిల్ల గొంతు. పైన, ధ్వని ఎవరికి చేరాలో రాయండి: మీ చెవి, పిల్ల చెవి, రికార్డింగు. తొమ్మిది గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో అవుననో కాదనో నింపండి. మీ మైకు మీ చెవికి వద్దు, పిల్లకు కావాలి, రికార్డింగుకు కావాలి. తంబుర ముగ్గురికీ కావాలి. పిల్ల గొంతు మీ చెవికి కావాలి, రికార్డింగుకు కావాలి, పిల్ల చెవికి మాత్రం వద్దు. ఆ ఆఖరి "వద్దు" దగ్గరే మీ సెటప్ తప్పింది. గుళ్లో కచేరీ అయినప్పుడు మైక్‌సెట్ అతను జనానికి ఒక కలబోత, గాయకుడి ముందున్న మానిటర్‌కు వేరే కలబోత ఇస్తాడు చూడండి, బనానా చేసేది అచ్చంగా అదే పని. అందులో ఏ1 అంటే మీ చెవి. బి1 అంటే జూమ్‌కు వెళ్లే మైకు. బి2 అంటే రికార్డింగు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కలబోతలు.

కాగితం పక్కన పెట్టుకుని బనానా తెరవండి. కుడివైపు పైన హార్డ్‌వేర్ అవుట్ దగ్గర ఏ1 నొక్కి, జాబితాలో డబ్ల్యూడీఎం (విండోస్ డ్రైవర్లలో ఒక రకం) అని ముందున్న మీ ఇయర్‌ఫోన్‌ను ఎంచుకోండి. ఎడమ చివర మొదటి నిలువు వరస హార్డ్‌వేర్ ఇన్‌పుట్ 1. దాని పేరు మీద నొక్కి మీ యూఎస్‌బీ మైకును ఎంచుకోండి, అదీ డబ్ల్యూడీఎమ్మే. ఈ వరసలో బి1, బి2 వెలిగించి ఏ1 ఆర్పేయండి. అది వెలిగి ఉంటే మీ గొంతు మీకే ఒక పిసరు ఆలస్యంగా చెవిలో పడి నాలుక తడబడుతుంది. మీ మైకుకే ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటే మీ గొంతును అందులో నేరుగా, ఆలస్యం లేకుండా వినొచ్చు. అలాంటప్పుడు ఏ1కి కూడా ఆ మైకునే ఎంచుకోండి.

తర్వాత తంబుర. యాప్‌లో మోగుతూ ఉండగా విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, వాల్యూమ్ మిక్సర్ తెరిస్తే ఆ యాప్ పేరు కనిపిస్తుంది. దాని అవుట్‌పుట్‌ను మాత్రం "వాయిస్‌మీటర్ ఇన్‌పుట్"కు మార్చండి. పేరు చూసి కంగారు పడొద్దు. యాప్‌కు అది బయటికెళ్లే దారి, మిక్సర్‌కు లోపలికొచ్చే దారి; పేర్లన్నీ మిక్సర్ వైపు నుంచి పెట్టారు. బ్రౌజర్‌లో తంబుర పెట్టుకునేవాళ్లయితే దానికోసం వేరే బ్రౌజర్ వాడండి, లేకపోతే ఆ బ్రౌజర్‌లో తెరిచిన వీడియో కూడా తంబురతో పాటే వెళ్తుంది. బనానాలో మొదటి వర్చువల్ ఇన్‌పుట్ వరసలో మీటర్ కదులుతుంటే తంబుర చేరినట్టే. అక్కడ ఏ1, బి1, బి2 మూడూ వెలిగించండి.

ఇక జూమ్. దాని ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా "వాయిస్‌మీటర్ ఆక్స్ ఇన్‌పుట్" ఎంచుకోండి. పిల్ల గొంతు రెండో వర్చువల్ వరసలోకి వస్తుంది. అక్కడ ఏ1, బి2 వెలిగించండి. బి1 ఆర్పండి. మళ్లీ చెబుతున్నాను, ఆ వరసలో బి1 వెలగకూడదు. మీ అక్క కొడుకు నొక్కించిన వాటిలో ఎక్కడో అది వెలిగి ఉంటుంది. లేదా తంబుర, జూమ్ రెండూ ఒకే వరసలోకి పోతున్నాయి, తంబుర కోసం వెలిగించిన బి1 పిల్ల గొంతునూ మోసుకెళ్తోంది. రెండోదే జరిగి ఉంటుందని నా అనుమానం, మామూలుగా జరిగేది అదే. చివరగా జూమ్‌లో మైకుగా "వాయిస్‌మీటర్ అవుట్ బి1" ఎంచుకోండి. పాత వెర్షన్‌లో అదే "వాయిస్‌మీటర్ అవుట్‌పుట్" అని కనిపిస్తుంది. ఇప్పుడు తంబుర కూడా మైకు దారిలోనే వెళ్తుంది కాబట్టి ఒరిజినల్ సౌండ్ ఆన్‌లో ఉండాల్సిందే. ఇందాకటి షేర్ ఆడియో మాత్రం ఆపేయండి, లేకపోతే పిల్లలకు రెండు తంబురలు వినబడతాయి.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి కంటి పరీక్ష ఒకటి ఉంది. తంబుర ఆపి, మీరు మాట్లాడకుండా కూర్చుని, పిల్లను పాడమనండి. బనానా కుడివైపు చివర్లో బి1 మీటర్ చూడండి. అది చచ్చినట్టు పడి ఉండాలి. బి2, ఏ1 మాత్రం ఆడాలి. పిల్ల పాడుతుంటే బి1 కూడా ఎగురుతోందంటే ఆమె గొంతు ఆమెకే పోతున్నట్టు. ఏ వరసలో బి1 వెలిగి ఉందో వెతికి ఆర్పండి. కొంచెం వణికితే మాత్రం అది మీ ఇయర్‌ఫోన్ లోంచి మైకులోకి కారుతున్న ధ్వని. వాల్యూమ్ తగ్గిస్తే సరి.

ప్రతిధ్వని ఎవరివల్ల వస్తోందో తేల్చడానికి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. ఎవరి గొంతు వాళ్లకే తిరిగి వినబడుతోందో, తప్పు దాదాపుగా ఎప్పుడూ అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది. పిల్లకు తన గొంతు వినబడితే మీ సెటప్ చూడాలి. మీ గొంతు మీకు వినబడితే పిల్ల దగ్గర స్పీకర్ లోంచి మైకులో పడుతోంది. ఆమెను ఒకసారి మ్యూట్ చేయమనండి, ఆగిపోతే రుజువైనట్టే. ఈ చిన్న విషయం తెలియక రెండు వైపులా మీ ఇంటర్నెట్ బాలేదంటే మీ ఇంటర్నెట్ బాలేదనుకుంటూ పాఠం సగం అయిపోతుంది.

స్థాయిల గురించి ఎక్కువ చెప్పను. మీరు గట్టిగా పాడినప్పుడు మైకు మీటర్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా చూసుకోండి. సున్నా దాకా వెళ్తే గొంతు పగులుతుంది. తంబుర దానికి చాలా కిందే ఉండాలి. శిష్యురాలికి వినబడీ వినబడనట్టు ఉంటేనే చెవి శ్రుతి కోసం సాగుతుంది. ఇయర్‌ఫోన్లో మీకు హాయిగా అనిపించిన స్థాయి అవతల టాబ్ స్పీకర్లో గొంతును మింగేస్తుంది. అందుకే మొదటిసారి ఫోన్‌తో అదే మీటింగులో చేరి, పక్క గదిలో ఇంట్లోవాళ్ల చేత వినిపించి చూసుకోండి. వాళ్లు ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి, ఆ ఫోన్ మైకు మ్యూట్‌లో ఉండాలి.

చిటపటమని శబ్దాలొస్తే రెండు చోట్ల చూడండి. ఒకటి శాంపిల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క. విండోస్ సౌండ్‌లో మీ మైకు, ఇయర్‌ఫోన్, వాయిస్‌మీటర్ పేరుతో ఉన్న పరికరాలు అన్నీ 48,000 హెర్ట్జ్ దగ్గరే ఉండాలి. ఒకటి 44,100లో, ఒకటి 48,000లో ఉంటే మధ్యలో ఎవరో ఒకరు లెక్క సర్దాలి, ఆ సర్దుబాటులో చిటపటలు పుడతాయి. రికార్డింగుల్లో ఇది ఇంకో వేషం వేస్తుంది. 44,100లో తీసిన ఫైలును ఏదైనా సాఫ్ట్‌వేర్ 48,000 అనుకుని వాయిస్తే పాట వేగం పెరిగి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి లేస్తుంది. మీరు అయిదున్నర శ్రుతిలో పాడింది ఆరు దాటి ఆరున్నర వైపు వెళ్తుంది. మామూలు శ్రోతకు పట్టదేమో గానీ మీకు మొదటి షడ్జంలోనే తెలిసిపోతుంది. రెండోది బఫర్, అంటే ధ్వనిని పంపేముందు కాసేపు పోగేసుకునే చోటు. బనానా మెనూలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూడీఎం బఫరింగ్ 512 ఉంటే 1024 చేయండి. 48,000 దగ్గర 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు, పాఠానికి అదేం ఆలస్యం కాదు. అదే మెనూలో "రీస్టార్ట్ ఆడియో ఇంజిన్" అని ఉంటుంది. ఉన్నట్టుండి ధ్వని గరగరలాడినా, మైకు పీకి మళ్లీ పెట్టాక పలకకపోయినా ముందు అది నొక్కండి. విండోస్‌తో పాటే మిక్సర్ మొదలయ్యేలా కూడా ఆ మెనూలోనే టిక్ పెట్టుకోవచ్చు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం పాఠానికి వద్దు. వాటి మైకు వాడటం మొదలుపెట్టగానే చాలావరకు ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోతాయి. సంగీతం వినడానికి ఉన్న నాణ్యత అప్పుడు ఉండదు. ఆలస్యం అదనం. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోనే మంచిది.

ఇప్పుడు తాళం సంగతి. మీ పిల్లల లయ మీద మీకు అనుమానం వచ్చి ఉంటే దాన్ని వెనక్కి తీసుకోండి. కాకినాడ నుంచి డాలస్ గాలిలో కొలిచినా సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు, పోయి రావడానికి 140. ఇది ప్రకృతి పెట్టిన హద్దు, ఏ ప్లాన్ వేయించుకున్నా దీనికి తగ్గదు. కేబుళ్లు సూటిగా పోవు కాబట్టి, మధ్యలో రూటర్లు, జూమ్ సర్వర్లు, రెండు వైపులా బఫర్లు ఉంటాయి కాబట్టి పోయి రావడానికి నిజంగా పట్టేది పావు సెకను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పక్కపక్కన కూర్చుని వాయించేవాళ్ల మధ్య ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితేనే లయ కుదరడం కష్టమవుతుంది.

దీన్ని సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసల్లో పెట్టి చూడండి. నిమిషానికి 60 దెబ్బల లెక్కలో తాళం వేస్తే మొదటి కాలంలో ఒక్కో స్వరానికి ఒక సెకను, రెండో కాలంలో అర సెకను, మూడో కాలంలో పావు సెకను. మీ తాళం యాప్ దెబ్బ పిల్లకు చేరి, ఆమె దానికి సరిగ్గా స్వరం అని, అది మీకు తిరిగొచ్చేసరికి పావు సెకను గడిచిపోతుంది. మొదటి కాలంలో కొంచెం బద్ధకంగా పాడినట్టుంటుంది. మూడో కాలానికి వచ్చేసరికి అచ్చంగా ఒక స్వరం వెనకబడుతుంది. మీ తాళంలో "గ" పడే చోట ఆమె "రి" అంటూ ఉంటుంది. ఆమె వైపు వింటే మాత్రం తాళం, పాట కలిసే ఉంటాయి.

తంబురకు ఈ బాధ లేదు. దానికి లయ లేదు కాబట్టి పావు సెకను వెనకగా వెళ్లినా, అర సెకను వెనకగా వెళ్లినా షడ్జం షడ్జమే. అందుకని తంబుర మీ వైపు నుంచి పంపండి, తాళం పంపకండి. తాళం యాప్ పిల్ల దగ్గరే మోగాలి, లేదా ఆమె తొడ మీద చేత్తో వేయాలి. అదీ మీకు కనబడేలా కెమెరా దించుకుని. మీ తెర మీద ఆమె చెయ్యి, గొంతు దాదాపుగా కలిసే వస్తాయి, కాబట్టి లయను అక్కడ తూచండి. మీరు మాత్రం ఆమె పాడుతున్నంతసేపూ తాళం వేయడం మానేయాలి. ఏళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదు, తెలుసు.

పిల్ల ఇంట్లో కూడా తంబుర పెట్టుకునే అలవాటుంటే, ఒకేసారి రెండూ మోగనీయకండి. రెండు తంబురల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా అలలు అలలుగా ఊగి చెవిని తప్పుదారి పట్టిస్తాయి. మీరు పాడి వినిపించేటప్పుడు మీది, ఆమె ఒప్పగించేటప్పుడు ఆమెది. బనానాలో తంబుర వరస కింద మ్యూట్ బటన్ ఉంది, ఒక నొక్కు.

గొంతు కలిపి పాడాలంటే ఒకే దారి ఉంది. మీ గొంతును తంబురతో రికార్డు చేసి పంపండి, ఆమె ఇంట్లో దాన్ని వింటూ పాడుతుంది. దూరంగా ఉన్నవాళ్లు కలిసి వాయించడానికి జాక్‌ట్రిప్, జములస్, సోనోబస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. అవి ఒకే ఊళ్లో ఉన్నవాళ్లకు, దగ్గర ఊళ్లవాళ్లకు బాగానే పనిచేస్తాయి. డాలస్ పిల్లలు తమలో తాము వాడుకోవచ్చు. సముద్రాలు దాటే ఆలస్యాన్ని అవీ చెరపలేవు.

రికార్డింగు ఇప్పుడు తేలికే. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి మైకుగా "వాయిస్‌మీటర్ అవుట్ బి2" ఎంచుకుని ఎర్ర బటన్ నొక్కండి. మీ గొంతు, తంబుర, పిల్ల గొంతు మూడూ వస్తాయి. ఎవరి గొంతు వాళ్లకు విడి ఫైలుగా కావాలంటే జూమ్ సొంత రికార్డింగే మేలు. దాని రికార్డింగ్ సెట్టింగ్స్‌లో ఒక్కొక్కరికీ వేరే ఆడియో ఫైలు చేయమనే టిక్ ఉంది. ఒక జాగ్రత్త: జూమ్‌లో రికార్డు చేస్తే మీటింగులో అందరికీ తెలుస్తుంది. బి2 నుంచి చేస్తే ఎవరికీ ఏ సూచనా వెళ్లదు. వాళ్లు చిన్నపిల్లలు కాబట్టి అమ్మానాన్నలను ముందే అడిగి, వాట్సాప్‌లో సరేననిపించుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఒక పిల్ల రికార్డింగును ఇంకో పిల్ల ఇంటికి పంపకండి, ఎంత బాగా పాడినా సరే.

మీ శిష్యుల్లో మ్యాక్ ఉన్నవాళ్లు అడిగితే, అక్కడ వాయిస్‌మీటర్ లేదు. బ్లాక్‌హోల్ అనే ఉచిత వర్చువల్ కేబుల్ ఉంది. దాన్ని మ్యాక్‌లోనే ఉండే ఆడియో మిడి సెటప్‌తో కలిపి వాడుకోవాలి. కొంచెం తలనొప్పే, పిల్లలకు అవసరం కూడా లేదు. వాళ్లు ఒరిజినల్ సౌండ్ ఒక్కటి పెట్టుకుంటే చాలు.

చివరికి మీరడిగిన మాట, మిక్సర్ కొనాలా అని. ఇప్పుడైతే వద్దు. మీకున్నది ఒక్క గొంతు, ఒక్క మైకు. మీ యూఎస్‌బీ మైకును ఆ మిక్సర్ పెట్టెకు తగిలించడం కూడా కుదరదు, దానికి వేరే రకం మైకు కొనాల్సొస్తుంది. ఆ డబ్బులో కొంత పెట్టి చెవిని పూర్తిగా మూసే తీగ హెడ్‌ఫోన్ ఒకటి తీసుకోండి. తంబుర మైకులోకి కారడం ఆగుతుంది, పిల్ల గమకంలో తడబాటు స్పష్టంగా తెలుస్తుంది. రేపు మీ గదిలోనే వయొలిన్, మృదంగం పక్కన పెట్టుకుని పాఠమో, కచేరీయో ఆన్‌లైన్‌లో ఇచ్చే రోజొస్తే అప్పుడు నాలుగు మైకులు పట్టే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను లాప్‌టాప్‌కు కలిపే పెట్టె) చూద్దాం. మృదంగానికి ఏ మైకు, ఎంత దూరంలో అన్నది వేరే కథ. ఆ రోజు మళ్లీ రాయండి.